క్రేను – పక్షా? యంత్రమా?

పిల్లలూ! మీరు హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో షూటింగు చూడబోయారనుకోండి. "క్రేను తీసుకురండి!" అని ఎవరో కేకవేస్తారు. క్రేను అంటే పొడుగుకాళ్ల పక్షి అని మీరు ఇంగ్లీషు పాఠంలో చదివారాయె! ఆ పక్షి కోసం చూస్తూ ఉంటే, చక్రాల మీద ఒక పొడుగాటి ఇనుప చెయ్యి వస్తుంది. దాని చివర కెమేరా! రెక్కలు లేవు, ఈకలు లేవు. మరి దీనికి పక్షి పేరెందుకు?

అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పారు. అంతకు రెండువేల యేళ్లకు పైగా ముందే గ్రీకులు ఈ పక్షినీ, బరువులెత్తే యంత్రాన్నీ 'గెరనోస్' అనే ఒకే మాటతో పిలిచారు. పక్షి పొడుగుమెడ వంచి, నేలమీది గింజను అందుకుని, మళ్లీ మెడ ఎత్తుతుంది. యంత్రం చేసేదీ అదే కదా! గ్రీకు నాటకాలలో దేవుడి వేషగాణ్ణి ఇలాంటి యంత్రంతోనే గాలిలోకి లేపేవారు.

కెమేరా క్రేను మన ఉయ్యాలబల్ల వంటిది. ఇరుసుకు ఒకవైపు 4 మీటర్ల దూరాన 20 కిలోల కెమేరా ఉంటే, రెండోవైపు 1 మీటరు దూరాన 80 కిలోల బరువు పెట్టాలి. చేతి బరువు లెక్కలోకి తీసుకోకపోతే, రెండూ సరితూగుతాయి. అప్పుడు ఒక్క మనిషి కెమేరాను సునాయాసంగా పైకి లేపగలడు.

షూటింగు చూడడానికి మూగిన జనం మెడలు సాచి చూస్తారు. ఇంగ్లీషులో దాన్ని కూడా 'క్రేన్' చేయటమనే అంటారు! వంశక్రమానికి వాడే 'పెడిగ్రీ' అనే మాట కూడా ఫ్రెంచిలో 'క్రేను పాదం' అన్న మాట నుంచే వచ్చింది. పూర్వం వంశవృక్షంలో తండ్రి పేరు నుంచి బిడ్డల పేర్లకు గీసిన గీతలు పక్షి పాదంలాగా ఉండేవి.

మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? తలుపుకు వేసేది తాళంకప్ప. చొక్కా తగిలించేది చిలకకొయ్య.

ఇలాంటి పేర్లు పెట్టినవాళ్లు ఆ జంతువులను కళ్లారా చూసినవాళ్లు. మరి మనమో? క్రేను జాతికి చెందిన సారసపక్షి ఎగిరే పక్షులన్నిటిలోకీ ఎత్తయినది. ఆరడుగుల దాకా ఉంటుంది. చిత్తడినేలలు ఎండిపోతూ ఉంటే దానికి నిలువనీడ లేకుండా పోతున్నది. ఫిల్మ్‌నగర్ పిల్లలలో చాలామందికి ఇనుప క్రేను తెలుసుగాని, ప్రాణమున్న క్రేను తెలియదు. పక్షి పోతే మాట మిగులుతుంది. కాని దాని వెనకనున్న బొమ్మ చెరిగిపోతుంది.

ఒక గుర్తు చెబుతాము. మన చెరువుల మీది తెల్లకొంగ మెడ మడుచుకుని ఎగురుతుంది. సారసం మెడ ముందుకు సాచి ఎగురుతుంది. ఈసారి ఆకాశంలో పెద్ద పక్షి కనబడితే, ముందు దాని మెడ చూడండి!