సింగారపు పెట్టె – వదలని మమకారము

కళాశాల వార్షిక సంచికలో జాతీయ సమైక్యతను గురించో, విజ్ఞాన ప్రగతిని గురించో, మహాకవులను గురించో వ్రాయడము ఆనవాయితీ. మేము ఈసారి ఒక అలమారను గురించి వ్రాయదలచాము. ఆ అలమారలోని లిప్‌స్టిక్కులు, కాటుక డబ్బీలు, గోళ్ళ రంగు సీసాలు, పౌడరు డబ్బాలే మా విషయము. పెద్దలు చిరునవ్వు నవ్వవచ్చును. సోదర విద్యార్థులు పుట తిప్పివేయవచ్చును. కాని కడవరకు చదివినవారికి ఇది కేవలము ఆడపిల్లల అలంకరణ గొడవ కాదని తెలియగలదని మా నమ్మకము.

జరిగినది ఇది. వార్షిక పరీక్షలు ముగిసి హాస్టలు గది ఖాళీ చేయవలసి వచ్చినది. ఆ గదిలో మేము ముగ్గురము. ఇద్దరి ఇండ్లలో ఉర్దూ, ఒకరి ఇంట తెలుగు. పుస్తకములు సర్దడానికి ఒక గంట పట్టినది, బట్టలకు మరొక గంట. అలంకరణ సామగ్రి దగ్గరకు వచ్చేసరికి పని నిలిచిపోయినది. ముగ్గురి వస్తువులను ఒక దుప్పటి మీద పోసి లెక్కించగా 73 తేలినవి. వాటిలో లిప్‌స్టిక్కులే 19. నిజముగా వాడుతున్నవి ఎన్ని అని ఒకరినొకరము ప్రశ్నించుకొంటే, ముగ్గురికీ కలిపి 9 మాత్రమే! మిగిలిన 64 వస్తువులను తీసివేయాలని నిశ్చయించుకొని సాయంకాలము వరకు కూర్చున్నాము. చెత్తబుట్టలో పడినవి 4. అందులో ఒకదానిని మాలో ఒకరు రాత్రి దీపము ఆర్పిన తరువాత మెల్లగా తిరిగి తీసుకొన్నారు.

గంటల తరబడి ఉపన్యాసములు విని, త్యాగమును గురించి వ్యాసములు వ్రాసి బహుమతులు పొందిన మేము, ఎండిపోయిన ఒక కాటుక పుల్లను వదలలేకపోయాము. ఎందుకు? ఆ రాత్రి మేము చర్చించుకొన్న సంగతులనే ఇక్కడ మనవి చేస్తున్నాము.

మొదటి కారణము ధర. ‘దీనికి నాలుగు వందల యాభై పెట్టాను’ అనే మాట ఆ సాయంకాలము ఎన్ని పర్యాయములు విన్నామో లెక్కలేదు. కాని ఆ డబ్బు కొన్ననాడే పోయినది. అలమారలో ఉంచినంత మాత్రాన అది తిరిగి రాదు. మనము దాచుతున్నది డబ్బును కాదు, డబ్బు వ్యర్థమైనదని ఒప్పుకోవలసిన క్షణమును వాయిదా వేస్తున్నాము.

రెండవ కారణము ఆశ. మాలో ఒకరి దగ్గర ముదురు ఎరుపు రంగు లిప్‌స్టిక్కు ఉన్నది. ఆమె లేత గులాబీ రంగు దాటి ఏనాడూ ధరించలేదు. ఉద్యోగము వచ్చి, నలుగురిలో నిలబడి నిర్భయముగా మాట్లాడే నాటికి పనికి వస్తుందని కొన్నదట. దానిని పారవేస్తే ఆ రేపటి మనిషినే పారవేసినట్లు ఆమెకు తోచినది. ఈ మాట విని మేము నవ్వలేదు. మా ఇద్దరి దగ్గర కూడా అట్టివి ఉన్నవి కనుక.

మూడవ కారణము జ్ఞాపకము. ఆపా పెండ్లిలో పెట్టుకొన్న గోళ్ళ రంగు, నానీ చేతి ఇత్తడి సుర్మాదాని, పదవ తరగతి పరీక్షలకు వెళ్ళేటప్పుడు అమ్మ బ్యాగులో ఉంచిన పౌడరు డబ్బా. నాల్గవది కానుక. దానిని గురించి చివర చెప్పగలము.

ఇది మా ముగ్గురి బలహీనత మాత్రమే కాదని తరువాత తెలిసినది. డేనియల్ కాహ్నెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పండితులు 1990లో ప్రకటించిన పరిశోధన ఒకటి అర్థశాస్త్రములో ప్రసిద్ధము. అమెరికాలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఉచితముగా ఇచ్చారు. వాటిని అమ్మడానికి వారు అడిగిన ధర, కప్పు దొరకని విద్యార్థులు కొనడానికి ఇవ్వజూపిన ధరకు సుమారు రెట్టింపు ఉన్నది. కప్పు అదే. చేతికి వచ్చి కొంత సేపే అయినది. అయినను ‘నాది’ అనుకొనగానే దాని విలువ పెరిగిపోయినది. ఈ ముగ్గురిలో కాహ్నెమన్‌కు 2002లోను, థేలర్‌కు 2017లోను అర్థశాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది. మమకారమని మన పెద్దలు పిలిచినదానినే వారు కొలిచి చూపించారని మా భావన.

ఈ పరిశోధన వలన మాకు ఒక ప్రశ్న దొరికినది. ‘ఈ వస్తువు నీది కాకుండా అంగడిలో ఉంటే, ఈ రోజు కొంటావా?’ అన్నదే ఆ ప్రశ్న. వాడని 64 వస్తువులను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకొని ఇట్లా ప్రశ్నించుకొన్నాము. ‘కొంటాను’ అని జవాబు వచ్చినవి 5 మాత్రమే.

మన పెద్దలకు ఈ చిక్కు లేదు. మాలో ఒకరి నానీ ఇంట గూటిలో ఉన్నది ఒక అద్దము, ఒక దువ్వెన, ఒక సుర్మాదాని, ఒక అత్తరు బుడ్డి, ఒక స్నో సీసా. 1919లో ఇ. ఎస్. పాటన్‌వాలా ప్రవేశపెట్టిన అఫ్గాన్ స్నో ఆ తరము స్త్రీలకు పరిచితమైన పేరు. 1952లో లాక్మే వచ్చినది. అయినను మధ్యతరగతి ఇండ్లలో ఒకటి అయిపోయిన తరువాతనే మరొకటి కొనేవారు. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత విదేశీ సరుకు అంగళ్ళు నిండినది. ఇప్పుడు అంగడి మన చేతిలోని ఫోనులోనే ఉన్నది. అర్ధరాత్రి పన్నెండు గంటలకు ‘రెండు కొంటే ఒకటి ఉచితము’ అని పిలుస్తున్నది. కొనడము ఒక వేలి పని అయినది. వదలడము మాత్రము నానీ కాలములో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టము. వచ్చే దారి వెడల్పయి, పోయే దారి ఇరుకుగానే ఉండిపోతే ఏ అలమార అయినా నిండక ఏమి చేస్తుంది?

నిండితే నష్టమేమి, ఎవరి అలమార వారిది కదా అని అడుగవచ్చును. నష్టము రెండు విధములు. మొదటిది ఆరోగ్యమునకు సంబంధించినది. లిప్‌స్టిక్కు అనగా మైనము, నూనె, రంగు. నూనె కాలక్రమమున చెడిపోతుంది, పాత నూనె వాసన వేస్తుంది. మస్కారా వంటి తడి వస్తువులో కుంచెను ముంచిన ప్రతిసారి కంటి రెప్పల సూక్ష్మక్రిములు సీసాలోకి చేరుతవి. అందుచేతనే వాటిని తెరచిన కొద్ది నెలలకే మార్చమని వైద్యులు చెబుతారు. ఎండిపోయిన దానిలో నీటి చుక్క వేసి మెత్తపరచడము మేము చేసిన తప్పులలో ఒకటి. మన దేశపు 2020 సౌందర్య సాధనముల నిబంధనల ప్రకారము పొట్లము మీద ఎప్పటిలోగా వాడవలెనో ముద్రించి ఉండాలి. కొన్నిటి మీద మూత తెరచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6 అనో 12 అనో అంకె, పక్కన ‘ఎం’ అనే ఆంగ్లాక్షరము ఉంటవి. తెరచిన పిదప ఎన్ని నెలలు వాడవచ్చునో ఆ గుర్తు చెబుతుంది. డిగ్రీ చదువుతున్న మేము ముగ్గురము ఆ గుర్తును అంతవరకు ఒక్కసారి కూడా చదువలేదని సిగ్గుతో ఒప్పుకొంటున్నాము.

సుర్మా విషయము మరింత సున్నితమైనది. సంప్రదాయముగా వాడిన సుర్మా రాతిలో చాలా వరకు గెలీనా, అనగా సీసపు సల్ఫైడు ఉంటుంది. సీసము పసిపిల్లల మెదడుకు ప్రమాదకరము. ఇంత పరిమాణమైతే భయము లేదని చెప్పదగిన హద్దే దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. నానీ ప్రేమ నిజము. రాతిలోని సీసమూ నిజమే. ఒక నిజము మరొక నిజమును కొట్టివేయదు.

రెండవ నష్టము ఇతరులకు కలిగించేది. ఈ వ్యాసము వ్రాయడానికి అసలు కారణము అదే. గత సంవత్సరము మేము కొందరము చేరి సేవా కార్యక్రమమని ఒక పెట్టె పెట్టాము. వాడని అలంకరణ వస్తువులను అందులో వేయండి, బాలికల సదనమునకు ఇస్తామని ప్రకటించాము. రెండు రోజులలో పెట్టె నిండినది. మా గదినుండే ఎన్నో వెళ్ళినవి. పారవేయడానికి రాని చేయి దానము అనగానే సులభముగా కదిలినది! సదనములో పిల్లలను చూసుకొనే పెద్దావిడ మా ఎదుటనే పెట్టె తెరచినది. సగము అరిగిన లిప్‌స్టిక్కు మూత తీసి, వాసన చూసి, కోపము లేకుండానే అడిగినది: ‘ఇది మీరు పెట్టుకొంటారా అమ్మా?’

మాలో ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాము.

పాలుడిగిన ముసలి ఆవులను దానము చేస్తున్న తండ్రిని చూచి నచికేతుడనే బాలుడు కలతచెందిన కథ కఠోపనిషత్తులో ఉన్నది. మనము పుచ్చుకొనడానికి ఇష్టపడని నాసి వస్తువును దానమివ్వరాదన్న బోధ ఖురాను షరీఫు రెండవ అధ్యాయములో ఉన్నది. రెండు భాషలవారము కలిసి చదువుకొనే మా కళాశాలలో ఈ రెండు మాటలూ తెలియనివారు అరుదు. తెలిసి కూడా మేము చేసినది అదే పని. ఒకరి పెదవులకు తాకిన రంగు మరొకరి పెదవులకు రోగమును మోసుకొని పోవచ్చును. అది అటుంచినా, మన అలమార బరువును పేదపిల్ల ముఖము మీదికి దించి, దానికి పుణ్యమని పేరు పెట్టుకోవడము ఏమి న్యాయము? వదలలేని బాధనుండి తప్పించుకొనడానికి దానమును అడ్డము పెట్టుకోరాదన్నదే మా నిశ్చితాభిప్రాయము.

ఇక కానుక సంగతి. మాలో తెలుగింటి పిల్లది కడప జిల్లా. ఆమె అన్న కువైట్‌లో ఒక ఇంట డ్రైవరు. మూడేండ్ల క్రితము సెలవులో వచ్చినప్పుడు చెల్లెలికి ఆరు లిప్‌స్టిక్కులున్న అందమైన పెట్టె తెచ్చాడు. ఎండలో ఆయన నడిపిన బండి, రాత్రులు మేల్కొన్న శ్రమ ఆ పెట్టెలో ఉన్నవని ఆమె దానిని తెరవనే లేదు. పండుగకు తీద్దామనుకొన్నది, పెండ్లికి తీద్దామనుకొన్నది. మేము ఆ రోజు చూసేసరికి వాడవలసిన గడువు దాటి ఎనిమిది నెలలైనది. తెరిస్తే ఆరింటి మీదా నూనె చెమటపట్టి ఉన్నది. ఆమె కంట నీరు తిరిగినది. మేమే బలవంతముగా అన్నకు ఫోను చేయించాము. ఆయన అంతా విని నవ్వి, ‘ఏమ్మా, పెట్టుకోమని పంపితే పెట్టెలో పెట్టుకొన్నావా?’ అన్నాడు.

ఆ ఒక్క మాట మాకు ఏ ఉపన్యాసము నేర్పని సంగతి నేర్పినది. ఆ కానుకను పాడుచేసినది ఆమె నిర్లక్ష్యము కాదు, ఆమె ప్రేమయే. వాడుకోవడము వలన కానుక తరుగుతుందని మనము భయపడతాము. కాని ఇచ్చినవారు కోరేది మన ముఖములో వెలుగు మాత్రమే. ఆరు రంగులనూ ఆ మూడేండ్లలో పండుగకొకటిగా పెట్టుకొని ఫొటో పంపి ఉంటే, అన్న శ్రమ సార్థకమై ఉండేది.

మరునాడు ఉదయము మళ్ళీ కూర్చున్నాము. ఈసారి రెండు గంటలలో పని ముగిసినది. వాడుకొనేవి 14 ఉంచుకొన్నాము. ముద్ర విప్పనివి, గడువు చాలా మిగిలినవి 8 మాత్రము తోటి విద్యార్థినులకు చూపించి, కావాలన్నవారికి ఇచ్చాము. జ్ఞాపకమునకై 3 ఉంచుకొన్నాము. సుర్మా తీసివేసి కడిగిన సుర్మాదాని, ఖాళీ చేసిన పౌడరు డబ్బా, లోపలివి తీసివేసిన కువైట్ పెట్టె. మిగిలిన 48 పారవేశాము. ముదురు ఎరుపు రంగు లిప్‌స్టిక్కు ఎక్కడ ఉన్నదని అడుగుతారేమో! గడువు ఇంకా ఉన్నది కనుక అది 14లో చేరినది. దాని యజమానురాలు ఆ సాయంకాలమే దానిని పెట్టుకొని మెస్సుకు వచ్చినది. ఉద్యోగము వచ్చేవరకు ఆగలేదు.

మూడు డబ్బాలు ఉంచుకొనే ఉపాయము మాది కాదు, నానీది. ఆమె గూటిలోని స్నో సీసాలో స్నో అయిపోయి ఎన్నో ఏండ్లయినది. ఇప్పుడందులో సూదులు, గుండీలు ఉంటవి. చిరిగిన కుర్తా కుట్టవలసి వచ్చినప్పుడెల్ల ఆ సీసా మూత తీస్తారు, పాత రోజులు తలచుకొంటారు. చెడేదానిని పోనిచ్చి, చెడనిదానిని పనిలో పెట్టుకొన్నారు.

కళాశాల కమిటీ వారికి మూడు విన్నపములు. సేవా కార్యక్రమముల పెట్టెలలో ముద్ర విప్పని, గడువు గల వస్తువులను మాత్రమే స్వీకరించాలని నియమము చేయవలెను. జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28న రసాయన శాస్త్ర శాఖవారు సౌందర్య సాధనముల పొట్లములను చదివే విధానము మీద ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయవలెను. గోళ్ళ రంగు సులభముగా అంటుకొనే ద్రవము. దానిని తూములో పోయకుండా, ఖాళీ సీసాలు ఇతర చెత్తలో కలవకుండా హాస్టలులో ప్రత్యేకముగా ఒక డబ్బా ఉంచవలెను. ఈ మూడింటికీ ఖర్చు స్వల్పము.

తోటి విద్యార్థినులకు మా మనవి ఒక్కటే. అలంకరించుకోవద్దని మేము అనము. ఈ రాత్రి మీ అలమార తెరచి, మిక్కిలి ప్రియమని దాచుకొన్న వస్తువును ఒకటి చేతిలోకి తీసుకొనండి. గడువు ఉంటే రేపు పెట్టుకొని తరగతికి రండి. గడువు దాటితే, ఇచ్చినవారిని తలచుకొని, మీ చేతులతోనే పారవేయండి. ఆ పనిని మాత్రము మరొక పేద చేతికి అప్పగించకండి. సదనములోని ఆ పెద్దావిడ ప్రశ్నకు మేము ఆనాడు చెప్పలేని జవాబు, ఈ సంవత్సరము మనము పంపే పెట్టె చెప్పాలని మా ఆశ.