అడవి ఎవరి ఏకాంతం?

మనశ్శాంతి కావాలంటే అడవికి వెళ్లాలని మన మగ రచయితలు తెగ రాస్తుంటారు. సరే, వెళ్లేదెవరు? మనుస్మృతి ఆరో అధ్యాయం ప్రకారం వానప్రస్థానికి వెళ్లే మగవాడు భార్యని కొడుకులకి అప్పగించి పోవచ్చు, లేదా వెంట తీసుకెళ్లొచ్చు. ఆమెకి వెళ్లాలని ఉందా అన్న ప్రశ్నే లేదు. 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున ఇల్లు కట్టుకున్న థోరో తరచూ అమ్మానాన్నల ఇంటికెళ్లి భోంచేసి వస్తుండేవాడు. (అమ్మ వంట ఏకాంతానికి అడ్డు రాదు కాబోలు!)

పన్నెండో శతాబ్దంలో శ్రీశైలం అడవికి ఒంటరిగా నడిచొచ్చిన అక్కమహాదేవిని భక్తురాలిని చేసి, దణ్ణం పెట్టి ఊరుకున్నాం. ఆమె పేరున్న గుహలు చూసి, ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడపాలని నేను వెళ్తే, లాడ్జీలో "ఒంటరి ఆడవాళ్లకి గదివ్వం, మీ మంచికే" అన్నారు. అదే నల్లమలలో దుంపలకీ కట్టెలకీ తిరిగే చెంచు స్త్రీల మంచి ఎవరికీ పట్టదు. కవులైతే వాళ్లున్న అడవినే 'నిర్జనం' అనేస్తారు!

నా మంచి నేను చూసుకుంటాను. గది తాళం ఇవ్వండి. గుహలకి వెళ్లే పడవ టికెట్టివ్వండి. తిరిగొచ్చాక "ఎవరితో వెళ్లావు?" అని మాత్రం అడక్కండి.