నడుస్తున్న బండి మీద పిల్లల్ని ఎక్కించుడు ఇంక బంద్ చేద్దాం

ఈ పోస్టు కొంచెం పొడుగుంటది, కొందరికి కోపం కూడ వస్తది. మొత్తం చదివినంక తిట్టండి, పడత.

పోయిన నెల సైనిక్‌పురిలో మా బిడ్డ ఇంటికి పోయిన. మిలిటరీల చేసి రిటైరైనోళ్లు చానమంది ఉండే కాలనీ అది. వాళ్ల గల్లీల పైపు కోసం జేసీబీ తవ్వుతున్నది. పిల్లలంత ఆడ జమైన్రు. ఏడేండ్ల మా మనవడు అందరికంటే ముందున్నడు. ఎదురింటి పెద్దమనిషి, పాత మిలిటరీ ఆయన, కట్టె పట్టుకొని వచ్చి పిల్లలందర్ని ఇరవై అడుగులు ఎనుకకు జరిపిండు. పగటి అన్నానికి బండి ఆగినంక ఆపరేటర్‌తోని మాట్లాడిండు. బకెట్ నేలకు ఆనిచ్చిన్రు, ఇంజన్ బంద్ చేసిన్రు, తాళంచెవి ఆపరేటర్ జేబుల పెట్టుకున్నడు. అప్పుడు ఒక్కొక్క పిల్లను ఎక్కించి ఏ లివర్ ఏం చేస్తదో చెప్పిన్రు. ఆఖరుకు ఆ పెద్దమనిషి తన టోపీ తీసి చాపిండు: "ఎక్కినోళ్లు మీ ఐస్‌క్రీం పైసలు ఇండ్ల ఎయ్యాలె, తల్లిదండ్రి లేని పిల్లల పుస్తకాలకు." పిల్లలు ఏసిన్రు, తల్లులు ఏసిన్రు, ఆపరేటర్ కూడ ఏబై రూపాయలు ఏసిండు.

రాత్రి మనవడు నా పక్కల పండుకొని సంబురంగ ఒక మాటన్నడు: "తాతా, మన ఊర్లనే మంచిగుంటది. ఆడ బండి ఆపుడే ఉండదు, నడుస్తుంటెనే ఎక్కిస్తవ్ కదా!"

వాడు నన్ను మెచ్చుకున్నడు. నాకు మాత్రం నిద్ర పట్టలే.

నిజమే కదా. పోయిన వానకాలం కేజ్ వీల్స్ ఏసి దమ్ము చేస్తున్నప్పుడు వాణ్ణి మడ్‌గార్డు మీద కూసోబెట్టింది నేనే. ఫోటో తీసి ఇదే పేజీల పెట్టింది నేనే. "చిన్న రైతు వచ్చిండు" అని లైకులు కొట్టింది మీరే. వాడు జారితే ఎనుక రోటవేటర్ తిరుగుతున్నది. అంతకంటే ఎక్కువ రాయను, మీకు తెల్వనిది కాదు.

పిల్లలకు పెద్ద బండ్లంటే ప్రాణం. అది తప్పు కాదు. ఇంగ్లండుల 2000 సంవత్సరంల దీని కోసమే డిగ్గర్‌ల్యాండ్ అని ఒక పార్కే పెట్టిన్రు. అమెరికాల న్యూజెర్సీల 2014ల ఇంకోటి తెరిచిన్రు. వాషింగ్టన్ రాష్ట్రంల వాంకోవర్ అనే ఊర్ల డోజర్ డే అని జరుపుతరు. కుటుంబాలతోని వచ్చి, పక్కన ఆపరేటర్ ఉండంగ పిల్లలు నిజమైన బండ్లు నడిపి చూస్తరు. వచ్చిన పైసలు పిల్లల సేవా సంస్థలకు పోతయి.

మన దగ్గర ఆ పండుగ రోజూ ఉన్నది. టికెట్ లేదు, తాడు లేదు, ఆపేటోడు లేడు. పిల్ల మీదికి వచ్చినంక మాత్రం చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతం. వాళ్లు పిల్లలు నవ్వంగ చందా ఎత్తుతరు, మనం తల్లి ఏడ్వంగ ఎత్తుతం. తేడా గదొక్కటే.

2018 యాది చేసుకోండి. ఏప్రిల్‌ల నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలోళ్ల ట్రాక్టర్ కాలువల పడి 9 మంది పోయిన్రు. జూన్‌ల యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువల ఇంకో ట్రాక్టర్ పడి 15 మంది పోయిన్రు. నాలుగు రోజులు మాట్లాడుకున్నం. ఐదో రోజు మళ్ల ట్రాలీ నిండ మనుషుల్ని ఎక్కించినం.

మీరు అనబోయే మాటలు నాకు తెలుసు.

"మనం గట్లనే పెరగలేదా?" అంటరు. మనం ఎడ్లబండి మీద పెరిగినం. పిల్లగాడు కింద పడితే ఎద్దు అడుగు ఏసే ముందు చూస్తది. యాబై హార్స్‌పవర్ ఇంజన్‌కు కండ్లు లేవు.

"పని నేర్వొద్దా?" అంటరు. నేర్వాలె. ఇంజన్ బంద్ చేసి నేర్పు. పీటీవో షాఫ్ట్ మీద కవర్ ఎందుకుండాలెనో, లేపిన బకెట్ కింద ఎందుకు నిలబడొద్దో, జేసీబీ ఎనుకకు వస్తుంటే ఆపరేటర్‌కు పొట్టి పిల్ల ఎందుకు కనబడదో చెప్పు. పన్నెండేండ్లోనికి స్టీరింగ్ ఇచ్చుడు నేర్పుడు కాదు. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చిన్రు. మైనర్ బండి నడిపి ఏమన్నయితే తండ్రికో ఓనర్‌కో మూడేండ్ల దాక జైలు, 25,000 జుర్మానా.

"ఇన్సూరెన్స్ ఉన్నది" అంటరు. ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. మడ్‌గార్డు మీద కూసున్నోళ్లకు మేం కట్టమని కంపెనీలు కోర్టుల దాక పోతయి.

ఇంకొక్క మాట, ఇది మనసు పెట్టి చదవండి. పట్టా ఉన్న రైతు 59 ఏండ్ల లోపల పోతే రైతుబీమా 5 లక్షలు వస్తయని 2018ల పెట్టిన్రు. మన ట్రాక్టర్ నడిపే కూలికి గుంట భూమి లేకపోతే అది లేదు. కౌలుదారుకూ లేదు. వాళ్ల పిల్లలు మన కండ్ల ముందే బడి మానేసి పత్తికి పోతున్నరు. మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పేద పిల్లలకు నెలకు 4,000 ఇచ్చే పథకం ఉన్నది. జిల్లా బాలల సంరక్షణ ఆఫీసుల దరఖాస్తు పెట్టాలె. ఆ కాగితాలు రాసిచ్చేటోడే ఊర్ల లేడు.

అందుకే అంటున్న. వచ్చే ఎండకాలం, బడి తెరిచే ముందు ఒక ఆదివారం, మన బడి గ్రౌండ్‌ల మనమే ఒక బండ్ల పండుగ చేద్దాం. ట్రాక్టర్లు, జేసీబీ, కోత మిషన్, డోజర్ అన్ని వరుసగ నిలబెడదాం. డీజిల్ ఖర్చు లేదు, ఎందుకంటే ఒక్క ఇంజన్ కూడ చాలు చెయ్యం. బకెట్లు నేల మీద, తాళంచెవులన్ని హెడ్మాస్టర్ టేబుల్ మీద. చుట్టూ తాడు, బండికొక పెద్దమనిషి. పిల్లకు పది రూపాయలు. బండ్ల ఓనర్లు ఒక్క గంట కిరాయి చందా ఇయ్యాలె, అందరికంటే ముందు నాది రాసుకోండి. లెక్క పంచాయతీ గోడ మీద రాయాలె. పైసలన్ని పనిల తండ్రి పోయిన పిల్లల ఫీజులకు, పుస్తకాలకు. ఫ్లెక్సీలు వద్దు, డీజే వద్దు, స్టేజీ మీద నాయకులు వద్దు.

ఆ ఒక్క రోజు తప్ప మిగిలిన 364 రోజులు పిల్ల బండికి ఇరవై అడుగుల దూరంల ఉండాలె.

పట్నపోళ్ల సోకు అనుకుంటే అనుకోండి. మనవడి ఫోటో పేజీల నుంచి నిన్ననే తీసేసిన. మీ ఫోన్లల కూడ అసొంటి ఫోటోలు ఉన్నయి. తీసే ముందు ఒక్కసారి ఆ పిల్ల కాళ్ల కింద ఏం తిరుగుతున్నదో చూడండి.

బండి ఇస్తమనేటోళ్లు కింద పేరు రాయండి. ఇయ్యమనేటోళ్లు ఎందుకో రాయండి.