ఐదు బ్లాగులు, ఒకటే తాళం

ఒక్క హోస్టింగు ఖాతా కొని, తన బ్లాగుతో పాటు నలుగురు స్నేహితుల బ్లాగులూ అందులోనే నడిపే మహానుభావులు మన హైటెక్ సిటీ చుట్టుపక్కల తక్కువేం లేరు. సర్వర్ల సంగతి తెలిసినవాడు ఒకడు దొరికితే చాలు, కవితలు రాసే కొలీగు, వంటలు రాసే అక్క, సినిమా సమీక్షలు రాసే రూమ్మేటు అందరూ వాడి ఖాతాలోకి చేరిపోతారు. దీన్ని అందరూ సాహిత్య సేవ అంటారు. నేను బాధ్యత లేకపోవడం అంటాను. తిట్టే ముందు మొత్తం చదవండి :)

ముందు ఆ 'అన్‌లిమిటెడ్ డొమైన్స్' సంగతి. మాదాపూర్ మెస్సుల్లో 'అన్‌లిమిటెడ్ మీల్స్' అని బోర్డు ఉంటుంది. అన్నం ఎంతైనా పెడతారు, మూడోసారి కూర అడిగితే మాత్రం వడ్డించేవాడు మన మొహంలోకి అదోలా చూస్తాడు. షేర్డ్ హోస్టింగూ అంతే. డొమైన్లు ఎన్నయినా తగిలించుకోవచ్చు. ప్రాసెసర్‌కి, మెమరీకి, ఫైళ్ళ సంఖ్యకి మాత్రం ఖాతా మొత్తానికీ కలిపి ఒకటే హద్దు. ఒకరి టపా వాట్సాప్‌లో తిరిగి జనం ఎగబడ్డారనుకోండి, మిగతా నలుగురి బ్లాగులూ మూలుగుతాయి.

అది చిన్న తలనొప్పి. పెద్దది వేరే ఉంది. మామూలు సీప్యానెల్ ఖాతాలో ఎన్ని బ్లాగులు పెట్టినా సర్వర్ దృష్టిలో అవన్నీ ఒకే యూజర్‌వి. ఒక బ్లాగులోకి దొంగ కోడ్ దూరితే, పక్క ఫోల్డర్లో ఉన్న బ్లాగు డేటాబేసు పాస్‌వర్డు చదవడానికి దానికి అడ్డేమీ ఉండదు. 2011 ఆగస్టులో బయటపడ్డ టిమ్‌థంబ్ లోపం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బొమ్మల సైజు మార్చే ఒక చిన్న స్క్రిప్టు. ఎన్నో వర్డ్‌ప్రెస్ థీముల్లో ఉండేది. దాన్ని పట్టుకుని బయటివాళ్ళు మన సర్వర్లో తమ కోడ్ నడపగలిగారు. రూమ్మేటు సరదాపడి పెట్టుకున్న థీమ్ వల్ల అక్క వంటల బ్లాగు పోవడం అంటే ఇదే.

"మరి మల్టీసైట్ ఉందిగా?" అంటారు. ఉంది. 2010 జూన్‌లో వర్డ్‌ప్రెస్ 3.0 వచ్చినప్పుడు, అంతకుముందు ఎమ్‌యూ పేరుతో విడిగా ఉన్నది అసలు దాంట్లో కలిసిపోయింది. ఒక్క అప్‌డేట్‌తో అన్ని బ్లాగులకీ పని అయిపోతుంది. ఒకే మనిషి నాలుగు విషయాల మీద నాలుగు బ్లాగులు నడుపుకోవడానికి భేషైన ఏర్పాటు. కానీ డేటాబేసు ఒకటే, యూజర్ల పట్టిక ఒకటే, ప్లగిన్ పెట్టే హక్కు నెట్‌వర్క్ అడ్మిన్‌దే. నలుగురు మనుషుల విషయంలో మాత్రం ఇది తాళాలగుత్తి ఒకడి మొలకి కట్టడమే.

ఆ ఒక్కడికి ఏదైనా అయితే? గచ్చిబౌలిలో ఐదుగురు కలిసి ఫ్లాటు తీసుకుంటారు, అగ్రిమెంటు ఒకడి పేరు మీద, అడ్వాన్సు అందరిదీ. వాడు ఆన్‌సైట్ వెళ్ళిపోయాక ఓనరు చుట్టూ తిరిగే బాధ మనలో ఎంతమందికి తెలీదు? బ్లాగు గతీ అదే. డొమైను కూడా వాడి పేరు మీదే ఉంటుంది కదా మరి. కంపెనీ మారి పాత మెయిల్ పోయింది, కార్డు మారింది. 2021 అక్టోబరు 1 నుంచి ఆర్‌బీఐ ఆటో-డెబిట్ నిబంధనలు మారినప్పుడు మన కార్డుల మీద విదేశీ కంపెనీల ఆటోమేటిక్ చెల్లింపులు ఎన్నో ఆగిపోయాయి. డాట్ కామ్ గడువు దాటితే గ్రేసు గరిష్ఠంగా 45 రోజులు, రిడెంప్షన్ 30 రోజులు, ఆపైన 5 రోజులకి ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈలోగా రిమైండర్లన్నీ ఎవరూ తెరవని మెయిల్‌కి పోతుంటాయి. రాసినవాళ్ళకి ఒక్కటీ రాదు.

"ఎక్స్‌పోర్ట్ ఫైలు ఉందిలే" అని ధీమాగా ఉన్నవాళ్ళకి ఒక మాట. వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైల్లో బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. పాత సర్వర్ బతికుంటేనే అవి తిరిగొస్తాయి. ఇంగ్లీషు వాళ్ళకి లేని బాధ ఇంకొకటి మనకుంది. డేటాబేసు మార్చేటప్పుడు ఎన్‌కోడింగ్ తప్పితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. అలా సేవ్ అయిందంటే, విడిగా బ్యాకప్ లేకపోతే పదేళ్ళ రాతలు గోవిందా.

జియోసిటీస్‌ని మూసేస్తున్నట్టు యాహూ 2009 ఏప్రిల్‌లో చెప్పి అక్టోబరులో మూసింది. అప్పుడు అందరం తిట్టాం. కనీసం ఆరు నెలలు గడువిచ్చింది. స్నేహితుడి క్రెడిట్ కార్డు ఆ మాత్రం నోటీసు కూడా ఇవ్వదు.

కాబట్టి అయ్యా, సర్వర్ నడిపే పెద్దమనిషీ! డొమైను రాసేవాళ్ళ పేరుతో, వాళ్ళ మెయిల్‌తో కొనిపించు. రీసెల్లర్ ఖాతా తీసుకుని ఒక్కొక్కరికీ విడి సీప్యానెల్ ఇవ్వు. నెలకోసారి డేటాబేసు డంపు, బొమ్మల ఫోల్డరు రెండూ వాళ్ళ చేతిలో పెట్టు. ఇంత తీరిక లేకపోతే "నేను చూసుకుంటాలే" అనకు. బ్లాగ్‌స్పాట్‌లో రాసుకోమని చెప్పు, అదే పెద్ద సాయం.

రాసేవాళ్ళూ, "మాకు టెక్నికల్ విషయాలు తెలియవండీ" అనడం ఇక మానండి. ఇంటి కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూసుకోవడానికి సివిల్ ఇంజనీరింగ్ చదవక్కర్లేదు కదా.