ఎకరం అమ్మితేనే లండన్ కొలువా?

మొన్న మా ఊరి నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. బీఎస్సీ నర్సింగ్ చదివి, నాలుగేండ్లు ఐసీయూలో చేసిన పిల్ల. లండన్ కొలువు పెట్టిస్తానని ఏజెంటు నాలుగు లక్షలు అడిగిండట. వాళ్ల నాయిన ఎకరం అమ్ముతానంటున్నడు. ఆగమన్నాను.

బ్రిటన్‌లో నర్సు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, ఆపై సీబీటీ, ఇక్కడికొచ్చాక ఓస్కీ పాస్ కావాలి. అప్పుడే ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్. ఏ ఏజెంటూ ఇవి కొనిపెట్టలేడు. పైగా ఉద్యోగం చూపినందుకు నర్సు దగ్గర పైసలు తీసుకోవద్దని ఇక్కడి నియమం. ఇంగ్లిష్ పరీక్ష ఖర్చు వేరు, అది మనదే.

కేరళలో ఈ పనికి సర్కారు సంస్థ ఒడెపెక్ 1977 నుంచే ఉంది. మనకూ రాష్ట్రం వచ్చినంక టామ్‌కామ్ వచ్చింది. కానీ ఆ పేరు మన పల్లెల్లో ఎందరికి తెలుసు? నీళ్లు, నిధులు, నియామకాలు అని ఇక్కడి వీధుల్లో అరిచినవాళ్లం మనమే కదా! బతుకమ్మకు హాలు బుక్ చేసే మన సంఘాలు, ఇక్కడ పనిచేస్తున్న మన నర్సమ్మలతో ఆదివారం ఒక గంట ఫోన్ల మీద మాట్లాడించలేవా?

ఆ చెల్లె ఇప్పుడు ఓఈటీకి చదువుతున్నది. ఎకరం ఇంకా వాళ్లదే.