అన్ని ముహూర్తాలూ మనవి కావు

శ్రావణమాసం. మంచి ముహూర్తం. రాత్రి రెండు దాటాక పెళ్లి. అప్పటికే పదకొండయింది. మండపానికి వెనక తెరైతే కట్టారు కానీ పూలు ఇంకా ఎక్కలేదు. పెళ్లికూతురి తండ్రి గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. పూలు కట్టాల్సిన కుర్రాళ్లేమో ఊరికి ఆ చివర ఇంకో కల్యాణమండపంలో ఉన్నారు. ‘ఇదిగో... బయల్దేరుతున్నాం’ అని గంట నుంచీ చెబుతూనే ఉన్నారు.

గోదావరి జిల్లాల్లోని ఓ చిన్న పట్టణంలో ఇద్దరు తోటికోడళ్లు కలిసి పెళ్లి అలంకరణల పని పెట్టుకున్నారనుకుందాం. కొబ్బరిబోండాలకు రంగులద్దడం, అడ్డుతెరలు కుట్టడం, తలంబ్రాల పళ్లాలు, పూలజడలు... ఇలా ఇంట్లో కూర్చుని చేసే పనులతో మొదలుపెట్టి, రెండేళ్లలో మండపం కట్టేదాకా వచ్చారు. ఆ రాత్రి ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్నారు. ఒక మండపం బాగానే వచ్చింది. రెండోదానికి పూలు చాల్లేదు. మూడోది జీలకర్ర-బెల్లం పెట్టే వేళకి కూడా పూర్తికాలేదు. తెల్లారాక ఆ పెద్దమనిషి మిగతా డబ్బు ఇవ్వనన్నాడు. గట్టిగా అడిగే మొహం వీళ్లకీ లేదు. పూలకొట్టు బాకీ తీర్చడానికి చిన్నకోడలి మెడలో గొలుసు బ్యాంకుకి చేరింది.

ఇలాంటి కథ ఏ ఊళ్లోనైనా వినబడేదే. అలాగని వాళ్లకు పని రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. కష్టపడరా అంటే, మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా చేశారు. పొరపాటల్లా ఒక్కటే. వచ్చిన ప్రతి పెళ్లీ తమదే అనుకున్నారు.

సరుకు పూలు కాదు... తేదీలు!

బట్టలకొట్టులో ఈరోజు అమ్ముడుపోని చీర రేపు అమ్ముడుపోతుంది. పెళ్లి పనుల్లో అలా కుదరదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మూఢం వస్తే ఆ రోజులూ పోయినట్లే. పెద్దకొడుక్కీ పెద్దకూతురికీ జ్యేష్ఠం పనికిరాదంటారు. ఇవన్నీ తీసేశాక మిగిలే మంచి రోజులు కొన్నే. ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆ కాసిని రోజులమీదే పడతాయి. అంటే, అలంకరణ చేసేవాళ్లు నిజంగా అమ్ముతున్నది పూలూ తెరలూ కాదు... ఆ తేదీల్ని!

ఇద్దరు మనుషులు, నలుగురు కుర్రాళ్లు, ఒక వ్యాను ఉన్నచోట ఒక ముహూర్తానికి ఒక పెళ్లే చక్కగా చేయగలరు. ఆ ఒక్క తేదీని బేరమాడి సగానికి కోసేవారికి ఇచ్చేస్తే, తర్వాత వారంలో సరైన కుటుంబం వచ్చి అడిగినా ఇవ్వడానికేమీ ఉండదు. ‘ఖాళీగా ఉండేకంటే ఏదో ఒకటి’ అని తొందరపడి ఒప్పుకున్న పనే చాలాసార్లు మంచి పనికి అడ్డుపడుతుంది.

మూడు పెళ్లిళ్ల లాభం, ఒక పెళ్లి లాభం

ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. మండపం అలంకరణకు 40,000 రూపాయలు చెప్పారనుకోండి. పూలకు 15,000, కుర్రాళ్ల కూలికి 8,000, వ్యానుకు 3,000, సామాను అరుగుదలకూ గుడ్డలకూ రంగులకూ 4,000. మొత్తం 30,000 పోగా చేతిలో మిగిలేది 10,000. అవతలివాళ్లు గీచిగీచి బేరమాడి 32,000కు ఒప్పించారు. ఖర్చులో పైసా తగ్గదు. మిగిలేది 2,000. ఇద్దరు మనుషులు నాలుగు రోజులు పడ్డ కష్టానికి అదే కూలి.

అలాంటివి మూడు చేసినా మిగిలేది 6,000. సరైన ధరకు ఒక్కటి చేస్తే 10,000! పైగా ముహూర్తాల రోజున పూల ధర ఎప్పుడూ ఒక్కలా ఉండదు. రాజమండ్రి దగ్గరి కడియపులంకలో కొన్నా, హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లో కొన్నా పెళ్లిళ్లు ఎక్కువున్న రోజున మల్లె, చామంతి ముట్టుకుంటే భగ్గుమంటాయి. పూల ఖర్చు ఒకటిన్నర రెట్లయిందంటే 32,000 పెళ్లిలో 5,500 చేతినుంచి పెట్టుకోవాల్సిందే. చిన్నకోడలి గొలుసు వెళ్లింది సరిగ్గా అక్కడికే.

పాత పుస్తకంలోనే ఉంది జవాబు

సరైన కస్టమరంటే డబ్బున్నవాళ్లని చాలామంది అనుకుంటారు. కానే కాదు. ఆ తోటికోడళ్లు గొలుసు తాకట్టు పెట్టిన వారమే పాత జమాఖర్చుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. చేసిన ప్రతి పెళ్లికీ ఎదురుగా నాలుగు ప్రశ్నలు రాసుకున్నారు. డబ్బు చెప్పిన రోజుకి ఇచ్చారా? చివరి నిమిషంలో మార్పులు చెప్పి సతాయించారా? మనకు మిగిలిందెంత? ఆ తర్వాత వాళ్ల ద్వారా ఇంకెవరైనా వచ్చారా?

జవాబులు చూసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు. పెద్ద ఫంక్షన్ హాల్లో చేసిన ఆడంబరమైన పెళ్లిళ్లలో మిగిలింది తక్కువ, మాటలుపడింది ఎక్కువ. అక్కడ పెళ్లికూతురి తండ్రి ఒకటి చెబితే మేనమామ ఇంకొకటి, పెళ్లికొడుకు స్నేహితులు మరొకటి చెప్పారు. సినిమాలో చూసిన సెట్టు ఫొటో చూపించి అందులో పదోవంతు ఖర్చుతో అచ్చం అలాగే కావాలన్నారు. నాలుగు ప్రశ్నలకూ మంచి జవాబు వచ్చినవన్నీ ఒకే తరహా ఇళ్లు. పెళ్లి ఇంటిముందు పందిట్లోనో, ఊళ్లోని చిన్న కల్యాణమండపంలోనో చేసేవాళ్లు. పెళ్లికూతుర్ని చేయడం దగ్గర్నుంచి గౌరీపూజ, మేనమామ బుట్టలో తీసుకురావడం, తలంబ్రాల దాకా ప్రతి తంతూ పద్ధతిగా జరగాలని కోరుకునేవాళ్లు. వాళ్లకు పెద్ద పెద్ద సెట్లు అక్కర్లేదు. బుట్ట అందంగా ఉండాలి, అడ్డుతెరమీద పేర్లు తప్పుల్లేకుండా ఉండాలి, పూలజడ చివరిదాకా ఊడకుండా ఉండాలి.

తోటికోడళ్లకు బాగా వచ్చిన పనీ అదే! తమ బలమేదో, ఆ బలం ఎవరికి అవసరమో ఒకేచోట కనిపించింది.

వాళ్లకి తెలిసేదెలా?

సరైనవాళ్లు ఎవరో తెలిశాక, వాళ్లకి కబురు చేరాలి. అందుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టక్కర్లేదు. పెళ్లి ఖాయమైన ఇంటివాళ్లు మొదట ఎవర్ని కలుస్తారు? ముహూర్తం పెట్టే పురోహితుణ్ని. తర్వాత కల్యాణమండపం మేనేజర్ని, వంటమేస్త్రీని, ఫొటోగ్రాఫర్ని, జాకెట్లు కుట్టే టైలర్ని. ఈ అయిదుగురికీ ‘వీళ్లు చెప్పిన వేళకి వస్తారు’ అన్న నమ్మకం కుదిరితే చాలు. ఒకసారి పురోహితుడికి కావాల్సిన సామాను తడుముకోకుండా పీటల దగ్గర వరసగా అమర్చి పెట్టండి. ఆయన తర్వాతి పెళ్లివారికి తనంతట తానే చెబుతాడు. కమీషన్ ఆశపెట్టి తెచ్చుకున్న పని వేరు, మంచి మాటతో వచ్చిన పని వేరు. కమీషన్ ఎక్కువిచ్చేవాడు ఇంకొకడు కనపడగానే మొదటిది అటు వెళ్లిపోతుంది.

రెండోది ఫొటోలు. ఎక్కడో దొరికిన గొప్ప మండపాల బొమ్మలు సెల్‌ఫోన్లో పెట్టుకు చూపిస్తే అలాంటివి కోరేవాళ్లే వస్తారు. తాము చేసిన పనే, తీసిన ఫొటోనే చూపించాలి. దానికింద ఎంత ఖర్చయిందో కూడా రాస్తే ఇంకా మంచిది. ‘ధర చెబితే పారిపోతారేమో’ అని చిన్నకోడలు భయపడింది. ‘పారిపోయేవాళ్లు ముందే పోతే మనకు గంట మిగులుతుందే’ అంది పెద్దకోడలు. అదే జరిగింది. అడిగి వెళ్లిపోయేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడ్వాన్సు ఇచ్చే వెళ్లారు.

మూడోది తంతుల గురించి అడిగి తెలుసుకోవడం. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది. తెలంగాణ పెళ్లిలో ఎదుర్కోళ్లు, ఐరేని కుండలు ముఖ్యం. ఆంధ్రలో చాలా ఇళ్లలో పెళ్లికూతురి చేతిలో కొబ్బరిబోండాం ఉండాల్సిందే. మొదటిరోజే ‘మీ ఇంట్లో ఏమేం చేస్తారమ్మా?’ అని అడిగి రాసుకుంటే ఆ ఇంటి అమ్మమ్మకి సగం దిగులు తీరిపోతుంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, పదిరోజుల సెలవులో వచ్చి పెళ్లి చేసుకెళ్లే ఇళ్లకు ఇది మరీ అవసరం. అక్కడివాళ్లకు తంతులు గుర్తుండవు, ఇక్కడి పెద్దవాళ్లకు పరుగులుపెట్టే ఓపిక ఉండదు. వాళ్లకు కావాల్సింది చేతిలో ఓ జాబితా, ఆ జాబితా ప్రకారం పని చేసే మనిషి.

కాదనడమూ ఓ పనే

అన్నిటికంటే కష్టమైంది ‘కుదరదు’ అని చెప్పడం. చిన్న ఊళ్లో అడిగేవాళ్లలో సగంమంది ఏదో వరస కలిసేవాళ్లే. తర్వాతి మాఘమాసంలో వాళ్ల వీధి పెద్దాయనే వచ్చాడు. తేదీ చూస్తే అప్పటికే ఇంకొకరికి మాటిచ్చేసిందే.

‘‘అదేంటమ్మా... మనలో మనం! ఎలాగోలా సర్దుబాటు చేసుకోండి. డబ్బుదేముంది, పెళ్లయ్యాక చూసుకుందాం’’ అన్నాడు.

‘‘బాబాయిగారూ, ఆ రాత్రికి వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. మీ పనీ ఒప్పుకుంటే రెండూ చెడతాయి. మీ అమ్మాయి పెళ్లి మా చేతుల్లో చెడకూడదు. ఆరోజు ఖాళీగా ఉన్నవాళ్ల పేరు చెబుతాను, పని బాగా చేస్తారు. పూలజడా బోండాం మాత్రం మేమే చేసిస్తాం, రెండురోజుల ముందే చెప్పండి’’ అంది పెద్దకోడలు.

పెద్దాయన మొహం మాడ్చుకునే వెళ్లాడు. కానీ, కాదన్నమాట మర్యాదగా, కారణంతో, ఇంకో దారి చూపించి చెబితే శత్రుత్వం మిగలదు. పని పంపినందుకు ఆ రెండోవాళ్లూ గుర్తుపెట్టుకుంటారు. తమకు వీలుకానప్పుడు ఇటు పంపిస్తారు.

కాగితంమీద నాలుగు మాటలు

ఒప్పుకున్న పనికి కూడా నోటిమాట చాలదు. ఏ తేదీ, ఎన్ని గంటలకల్లా మండపం సిద్ధం కావాలి, ఏ పూలు ఎన్ని, మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు... ఇవన్నీ ఒక కాగితంమీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. పూల ధర ఓ హద్దు దాటితే అదనం ఎవరు భరించాలో, పెళ్లి వాయిదాపడితే అడ్వాన్సు సంగతేంటో అందులోనే ఉండాలి. 2020లో కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు ఈ చివరి మాట రాసుకోనిచోట ఎంత గొడవ అవుతుందో అందరికీ తెలిసొచ్చింది. మార్పులు ఎవరు చెబితే వినాలో కూడా ఒక్క పేరు రాయించుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

పని పెరిగింది కదాని అప్పుచేసి లైట్లూ స్టాండ్లూ కొనేముందు క్యాలెండరు చూసుకోవడం మరీ ముఖ్యం. 2015లో మొదలైన ముద్ర పథకం కింద ‘శిశు’ విభాగంలో 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది. చిన్న వ్యాపారానికి అది మంచి ఆసరాయే. కానీ 2024లో ఏప్రిల్ నెలాఖరు నుంచి జులై మొదటి వారం దాకా గురు, శుక్ర మూఢాలతో ముహూర్తాలే లేకుండా పోయాయి. ముహూర్తానికి మూఢం ఉంటుంది కానీ అప్పు వాయిదాకి ఉండదు! అందుకే ఖాళీ నెలలకు వేరే పని చూసుకోవాలి. ఆషాఢంలో తెలంగాణలో బోనాలు, భాద్రపదంలో వినాయకచవితి, పుష్యంలో సంక్రాంతి, ఏడాది పొడవునా పుట్టినరోజులు... బండి నడవడానికి అవీ చాలు.

ఆ తోటికోడళ్లిప్పుడు ముహూర్తానికి ఒక పెళ్లే ఒప్పుకుంటున్నారు. గోడమీద పెద్ద క్యాలెండరు. ఒప్పుకున్న తేదీ చుట్టూ ఎర్ర సిరా. ఆ రోజుకి మళ్లీ ఎవరు ఫోన్ చేసినా జవాబు ఒక్కటే. ఏడాది తిరిగేసరికి గొలుసు విడిపించుకున్నారు. మొన్నొకరోజు, మాఘమాసంలో మొహం మాడ్చుకుని వెళ్లిన పెద్దాయనే మళ్లీ వచ్చాడు.

‘‘రెండో అమ్మాయికి సంబంధం కుదిరిందమ్మా. ముహూర్తం ఇంకా పెట్టించలేదు. మీకు ఏ రోజు ఖాళీనో చెప్పండి... పంతులుగారిని అడుగుతాను’’ అన్నాడు.