కణాల దారిపటం

రైలుమార్గాల పటం చూస్తే ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎలా వెళ్లాలో తెలుస్తుంది. మన ఒంట్లోని కణాలకీ అలాంటి పటాలున్నాయి. అన్నం తినగానే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇన్సులిన్ వచ్చి కండర కణం పైపొర తలుపు తడుతుంది. ఆ కబురు ఒక ప్రొటీన్ నుంచి మరోదానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి చేరుతుంది. చివరికి గ్లూట్4 అనే ప్రొటీన్ పైపొరకి వచ్చి చక్కెరను లోపలికి రానిస్తుంది. ఈ గొలుసునే ‘పాత్‌వే’ అంటారు. ఇది సరిగ్గా పనిచేయకపోవడమే టైప్-2 మధుమేహానికి ఓ ముఖ్య కారణం.

ఇలాంటి దారుల్ని గీయడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ నికల్సన్ 1950ల్లోనే గోడపటాలు మొదలుపెట్టారు. మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే కలిసి 1929లో కనుగొన్న ఏటీపీ ఇలాంటి పటాల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

చిక్కంతా ఎక్కడంటే... అవి ఉత్త బొమ్మలు. 1995-2019 మధ్య వచ్చిన పరిశోధన పత్రాల్ని అమెరికాలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ శాస్త్రవేత్తలు జల్లెడ పడితే ఇలాంటివి 64,643 దొరికాయి. బాణం గుర్తు డబ్బాకి తగలకుండా కాస్త ఎడంగా ఉన్నా మన కన్ను సర్దుకుంటుంది, కంప్యూటర్‌కి మాత్రం ఆ రెంటికీ సంబంధమే లేదు. పేర్లదీ అదే తంటా. ఒకరు పీ53 అంటారు, ఇంకొకరు టీపీ53 అంటారు. ఒక్క మనిషికి ఇంటిపేరు, ముద్దుపేరు ఉన్నట్టన్నమాట!

గ్లాడ్‌స్టోన్, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం కలిసి 2008లో ‘వికీపాత్‌వేస్’ని తెచ్చింది ఇందుకే. ఇందులో ప్రతి జన్యువుకీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, ప్రతి గీతా రెండు కొసలా అతుక్కుని ఉండాలి. అలా ఒక్కసారి శ్రద్ధగా గీస్తే చాలు. రోగి కణాల్లో వేల జన్యువుల్ని కొలిచిన లెక్కల్ని అదే పటం మీద పరిచి, చురుగ్గా ఉన్నవాటికి ఎరుపు, మందగించినవాటికి నీలం రంగు వేయొచ్చు. అంకెల పట్టికలో కంటికి ఆనని తేడా ఇక్కడ ఇట్టే తెలిసిపోతుంది. ఇవాళ మధుమేహానికి వాడిన పటాన్నే రేపు ఇంకొకరు క్యాన్సర్ పరిశోధనకి వాడుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు వైరస్ కణంలో ఏ దారిన పోతోందో చూపే పటాల్ని వివిధ దేశాల శాస్త్రవేత్తలు కలిసి గీసింది ఈ పద్ధతిలోనే.

అలాగని పటంలో లేని దారి ఒంట్లో లేదనుకోకూడదు. పేరుపడ్డ జన్యువుల చుట్టూ పటాలే పటాలు. అసలు ఏ పటంలోకీ ఎక్కని జన్యువులు ఇంకా బోలెడున్నాయి. రోగి లెక్కల్లో అవి ఎంత గోల చేసినా, వేద్దామంటే రంగుకి చోటుండదు.